దవాఖాన చెప్పులు

ఏంది బిడ్డా, పొద్దటిసంది గా ఫోన్ల చెప్పులే సూస్తున్నవ్? ముసురు పట్టిన దినం గింతే తియ్, ఇంట్ల కూసున్నోనికి ఏదో ఒకటి కావాలె. జర ఇటు జరుగు, నేను గూడ సూస్త. మీ అవ్వ పండుకున్నదా? పండుకోనీ. అన్నం తిన్నంక గీ చల్లదనానికి సాలమ్మ వదినెకు కన్నంటుకున్నదంటే ఇగ చాయ యాళ్ళకు గాని లేవదు. ఆఁ, ఏమంటున్నవ్, వానల నడిశెటందుకు ఏ చెప్పులు మంచిగుంటయనా? మంచి మాట అడిగినవ్. సోమారం సంది మక్తల్ల నౌకరి, చేన్లెంబడి తిరిగి రైతులకు చెప్పే నౌకరి, చెప్పులడగక ఇంకేమడుగుతవ్. గిదేంది, గీ తెల్లటియి? సూడ ముద్దుగున్నయి గని అడుగు నున్నగున్నది, పాచి బండ మీద కాలు వెడ్తే నువ్వో దిక్కు, నీ కాయితాలో దిక్కు. తీసెయ్. గీ బొక్కలయి? నీళ్ళు బయటికి పొయ్యేటందుకా? నీళ్ళు పొయ్యే బొక్కలకెల్లి బురద లోపటికి రాదా మల్ల, ఆడేమన్న పహరా పెట్టిండ్రా? నవ్వకు. నీకు మక్తల్ రేగడి సంగతి ఎరుకలేదు. రామన్నపేటల పుట్టినదానివి, ఎర్రచెలుక తప్ప ఏం తొక్కినవ్. మనకాడ వాన పడుతది, గంటసేపట్ల నేల గుంజుకుంటది, చెప్పులు దులుపుకొని పోతం. రేగడి అట్ల కాదు. రేగడి చెప్పును ఇడువదు. ఒక్కో అడుగుకు ఇంత మట్టి అంటుకొని, పది అడుగులు నడిశేవరకు కాలుకు రోలు కట్టుకున్నట్టయితది. పదకొండో అడుగుకు కాలొస్తది, చెప్పు రాదు.

నాకెట్ల ఎరుకనా? మీ తాత నేర్పిండు. మా అన్న, వెంకటనర్సు. నీకు ఆయన యాదికున్నడా? ఆయన పోయినప్పుడు నీకు పన్నెండేండ్లో ఏమో, మంచంల ఉన్న తాతనే నీకు యాదుంటడు. పడుచుతనంల నడిశిన తాతను నువ్వు సూడలే బిడ్డా. అబ్బా, ఏం నడక! పొడుగు మనిషి, ఎనిమిదో నంబరు కాలు, అడుగేస్తే రెండు అడుగులంత పడుతుండె. నేను ఎనుక ఉరుకుతుంటి. వయసుల ఉన్నప్పుడు నేసిన చీరెలు మూటగట్టుకొని మక్తల్ దిక్కు పోయేటోళ్ళం ఇద్దరం, గా కర్ణాటక దగ్గరి ఊర్లకు. ఆషాఢంల ఆడ చేన్ల మధ్యకెల్లి బాట. ఒకసారి గిట్లనే ముసురు. నేను కొత్త హవాయి చెప్పులు తొడుక్కొని పోతున్న, టపటప టపటప, ఆ చెప్పులు కొట్టే చప్పుడు నాకు శాన ఇష్టం. అన్న ఎనుకకు మర్లి సూసిండు, సూసి ఆగిండు. "తమ్మీ, నీ ఈపు మీద సగం ఊరున్నదిరా" అన్నడు. అంగి ఇప్పి సూస్తే మెడదాక చుక్కలు చుక్కలు బురద. గప్పుడు చెప్పిండు. "వానల చెప్పులు కొనేటోడు మొగులు దిక్కు సూడొద్దు, నేల దిక్కు సూడాలె. మొరం మీదైతే టైరు చెప్పు. బండల మీదైతే గీతలున్న రబ్బరు. రేగడిల ఏ చెప్పూ వద్దు, చేతుల పట్టుకొని నడు. వాన అంతట ఒకటే, నేల ఊరికో తీరు." గంతే, ఇద్దరం చెప్పులు మూటకు కట్టేసినం. కాళ్ళు పిక్కలదాక సల్లగ దిగబడుతున్నయి, యేళ్ళ సందులకెల్లి రేగడి నల్లగ పైకొస్తాంది, వెన్న లెక్క. పక్కపొంట జొన్న చేను, దాని మీద వాన సన్నగ సప్పుడు చేస్తాంది. ఆయన ముందు, నేను ఎనుక. ఎంత దూరం నడిశినమో, ఏ ఊరో గిప్పుడు యాదికి లేదు గని ఆ సల్లదనం మాత్రం గీ అరికాలుకు యాదున్నది.

మా బాపు ఇంకో తీరు. నువ్వు నవ్వుతవ్ ఇనుమంటే. బాపుకు ఒక్కటే జత, కిర్రుకిర్రుమనే తోలు చెప్పులు. దసరకు నూనె పెడ్తుండె వాటికి, మా తలలకు పెట్టేదానికంటే ఎక్కువ. వాన చినుకు పడ్డదంటే సాలు, చెప్పులిప్పి సంకల పెట్టుకొని, గొడుగు ఆ సంక దిక్కు వంచి, ఒట్టికాళ్ళతోని పోతుండె బజార్ల. ఆయన తడుస్తున్నడు, చెప్పులు తడుస్తలేవు. మా అవ్వ వాకిట్ల నిలబడి ఒర్రేది, "కాళ్ళకు చెప్పులా, చెప్పులకు కాళ్ళా?" అని. బాపు ఏమంటుండె? "కాలు తడిస్తే ఆరుతది, తోలు తడిస్తే చెడుతది." ఖతం, ఇగ మాట లేదు. గాయన కొడుకే గద మా అన్న, ఆ గుణం జర ఉండె. చెప్పంటే చిన్నచూపు లేకుండె మా ఇంట్ల. ఏం చెప్తున్న నేను? ఆఁ, గా నీలంయి సూపియ్ మల్ల. కాదు కాదు, ఎనుక పట్టీ లేదు వాటికి. ఎనుక పట్టీ ఉండాలె బిడ్డా. పట్టీ లేని చెప్పు వానల నీదిగాదు.

అన్న కాలు గురించి చెప్పాలె నీకు. నేసేటోని పని చేతులల్ల ఉంటదనుకుంటరు అందరు. దారం తీస్కపోయే నాడె ఇటు నుంచి అటు ఇసిరితే లోకం గదే సూస్తది. అసలు పని గుంతల ఉంటది, కాళ్ళ కాడ. మా ఇంట్ల గుంత మగ్గం గద, కాళ్ళు గుంతల పెట్టుకొని కింద తొక్కుడు కట్టెలు తొక్కాలె, ఒకటి ఇడిశి ఒకటి. పడుగుల ఒక్క దారం తెగితే మాకు కండ్లతోని ఎతికితే దొరుకుతుండె, అన్నకు కాలికి ఎరుకైతుండె. తొక్కుతున్నోడు టక్కున ఆగి, "కుడి దిక్కు, అంచుకు జానెడు లోపట, తెగిందిరా" అంటుండె. సూస్తే ఆడనే తెగి ఉంటుండె. అసొంటి కాలు బిడ్డా అది. తెలంగాణ వచ్చిన ఏడాదో, మరుసటేడాదో, అన్న నేసిన చీరెల అంచు తప్పింది. సగం నేసినంక సూసుకున్నడు. తొక్కాల్సిన కట్టె తొక్కలే, పక్కది తొక్కిండు, తొక్కినట్టు ఆయనకు ఎరుక లేదు. అన్న చీరెల తప్పు! గల్లీ అంత ముక్కు మీద యేలు వెట్టుకున్నరు. కండ్లు మందగించినయని కండ్ల డాక్టరు కాడికి తోలుకపోయిన. కండ్లు మంచిగనే ఉన్నయి, నెత్తురు పరీక్ష చేయించుమన్నరు. సూస్తే షుగరు. ఎన్నేండ్ల సంది ఉన్నదో ఏమో. ఇగ నల్లగొండ దవాఖానకు పోయినం. ఆడ ఒక డాక్టరమ్మ, సన్నగ, మీ అమ్మ వయసుంటది, అన్నను బల్ల మీద పండుకోబెట్టి, కండ్లు మూసుకోమని, సన్న దారం అసొంటిది తీసింది. దాన్ని అరికాలుకు తాకిచ్చుకుంట అడుగుతాంది. "తాకుతాందా పెద్దాయినా?" అన్న కండ్లు మూసుకొనే, "పెట్టు తల్లీ, పెట్టు" అంటున్నడు. ఆమె పెట్టింది. మడిమెకు పెట్టింది, నడిమికి పెట్టింది, బొటనయేలుకు పెట్టింది. నేను సూస్తున్న గద, ప్రతిసారి పెట్టింది. అన్న మల్ల, "పెట్టినవా?" అన్నడు.

డాక్టరమ్మ దారం సంగతి చెప్తే అన్న నవ్విండు. "యాభై ఏండ్లు దారంతోని బతికినోన్ని, నాకు దారం తాకుతలేదా?" అన్నడు. ఆ నవ్వు నాకు నచ్చలే. ఆమె కాళ్ళ కొలతలు తీసుకున్నది, నెలకు చెప్పులొచ్చినయి. నల్లటియి, లోపట మెత్తటి రబ్బరు, ముందర ఎడల్పు, ఎనుక పట్టీ, చర్రుమని ఊడి చర్రుమని అతుక్కునే పట్టీలు. ఆమె చేతులతోని తొడిగింది. "పెద్దాయినా, ఇంట్ల గూడ తొడుగు. స్నానానికి, పండుకునేటందుకు తప్ప ఇప్పకు. వానకాలమైతే ఇంకా జాగ్రత్త, నానిన కాలుకు చిన్న దెబ్బ తాకినా నీకెరుక కాదు, అది మానదు. గియ్యే నీ కాళ్ళనుకో" అన్నది. నా దిక్కు గూడ మర్లి చెప్పింది, "నువ్వు తమ్మునివి గద, నువ్వు సూసుకోవాలె" అని. నేను తలకాయ ఊపిన. ఇంటికొచ్చినంక మొదటి తక్లీఫ్ మగ్గం కాడొచ్చింది. చెప్పులతోని గుంతల దిగొద్దు, మగ్గం తల్లి. చెప్పులు లేకుంట డాక్టరమ్మ దిగొద్దన్నది. అన్న గుంత ఒడ్డుకు పొద్దంత కూసున్నడు. సాయంత్రం లేసి, నాడె తీసి గూట్ల పెట్టిండు, ఇగ నేయలే. అరుగు మీద కూసొని మందికి దారం కండెలు చుట్టుకుంట ఉండె. దుఃఖపడ్డడా అంటే పడ్డడు, ఎందుకు పడడు. గని వానకాలమొచ్చినంక ఒక తమాషా అయింది. గా దవాఖాన చెప్పులు వానల మస్తు నడిశినయి! పాచి మీద జారవు, ఎనుక చిల్లవు, నానవు, ఊడవు. ముసురుల బజారంత తిరిగొచ్చి, చిన్న పిల్లగాడు కాళ్ళు సూపెట్టినట్టు సూపెడుతుండె. "తమ్మీ, బతుకంత ఎతికిన చెప్పులు గియ్యేరా. షుగరు రాకపోతే దొరకకపోయేటియి" అనేది. గట్ల అన్న మల్ల నడుస్తుంటే నాకు పానం లేసొచ్చినట్టుండె.

గప్పుడే మనింటికి దెబ్బ మీద దెబ్బ. పెద్దవానకు మగ్గం అర్ర గోడ కూలింది, గుంతల మోకాలు లోతు నీళ్ళు. అది తేరుకోకముందే మీ నాయిన దామోదర్ బండి మీదికెల్లి పడి చెయ్యి ఇరిగింది, నీకు యాదుంటది, చేతి కట్టు మీద నువ్వు పువ్వుల బొమ్మలు గీస్తివి. మన పక్కింటి జానయ్య ఉంటుండె గద, పంచాంగం సూస్తననేటోడు, సచ్చి సొర్గాననున్నడు, ఆయన అరుగు మీదికొచ్చి నా చెవుల చెప్పిండు. "రఘుపతీ, మీ అన్నకు ఏల్నాటి శని. శని పట్టేది కాళ్ళకెల్లే, మీ అన్నకు కాళ్ళ కాడనే కూసున్నది, సూస్తలేవా? పుష్కరాలొస్తున్నయి. నది ఒడ్డున కాలిచెప్పులు ఇడిశి రావాలె. పాతయి, తెగినయి ఇడిస్తే పోదు. రోజూ తొడిగేటియే కావాలె. ఎవలయి ఇడుస్తున్నమో వాళ్ళకు ఎరుక ఉండొద్దు. మర్లి సూడొద్దు." గదీ మాట. మందికి ఉన్న నమ్మకమే బిడ్డా, గుడికాడ చెప్పులు పోతే దరిద్రం పోయిందంటరు గద, నువ్వు గూడ అంటవ్. నేను నమ్మిన. అన్న పచ్చగుండాలెనని నమ్మిన. నాకు దవాఖాన మీద గూడ నమ్మకమే, శని మీద గూడ నమ్మకమే. రెండూ నెత్తిల కూసున్నయి, ఒకదాన్నొకటి అడగలే.

మీ అవ్వ లేసిందా, సూసి రా జర. లేదా? సరే. తలుపు దగ్గరికెయ్.

తెలంగాణ వచ్చినంక రెండేండ్లకు కృష్ణ పుష్కరాలు. వదినెకు మోకాళ్ళ నొప్పులు, రానన్నది. అన్న, నేను, ఇద్దరమే పోయినం వాడపల్లికి. నల్లగొండ దాటేటప్పుడు పానగల్లు గుడి కిటికీలకెల్లి కనబడితే అన్న చేతులు జోడిచ్చిండు. సన్న చినుకులు. బస్సులు దూరంల ఆపేసిండ్రు, ఇగ నడకనే, రెండు మైళ్ళుంటదేమో. మంది మంది మంది. తడిశిన చీరెల వాసన, అగరొత్తుల వాసన, ఎవలో తెడ్డుతోని పులిహోర ఇస్తున్నరు ఆకుల్ల. అన్న నా భుజం మీద చెయ్యేసి దవాఖాన చెప్పులతోని మంచిగ నడుస్తున్నడు, మక్తల్ దిక్కు నడిశినట్టు. నది కాడికి పోయినం. బిడ్డా, ఆ పొద్దు నది ఎట్లున్నదంటే, అటు ఒడ్డు కనబడుతలేదు, నీళ్ళు, మొగులు, చినుకు అంత ఒక్క రంగే. ఆఖరు మెట్టు కాడ అన్న చెప్పులిప్పి నా చేతికిచ్చిండు. "పట్టుకో తమ్మీ, ఎటన్న పోతయి" అన్నడు. మోకాలు లోతుల నిలబడి కండ్లు మూసుకున్నడు, మూడు మునకలేసిండు, అట్లనే నిలబడ్డడు. ఆ మొఖం నేనెన్నడు మర్వ. నేను నా మునుగుడు అయిందనిపిచ్చి, "నేను ముందు ఎక్కి బట్టల కాడ ఉంట అన్నా" అన్న. అన్న కండ్లు తెర్వలే, తలకాయ ఊపిండు.

ఎవ్వలెత్కపోలే బిడ్డా. ఇన్నేండ్లు ఎవడో ఎత్కపోయిండనే గద ఇన్నవ్ నువ్వు. నేనే. పైమెట్ల పక్కపొంట చెప్పులు కుప్పలు కుప్పలున్నయి. ఆ కుప్పల కలపబుద్ధి కాలే నాకు. పక్కన ఒక బండ మీద రెండూ కలిపి, ముక్కులు నది దిక్కు పెట్టి, పట్టీలు అతికిచ్చి పెట్టిన. చర్రుమన్నయి. లోకమంత ఇన్నట్టనిపిచ్చింది. జానయ్య మర్లి సూడొద్దన్నడు. నేను సూసిన. ఒక్కసారి సూసిన. లోపటి రబ్బరుల అన్న బొటనయేలు ఆనిన కాడ చిన్న గుంత పడ్డది, రెండు చెప్పులకు రెండు గుంతలు, వాటిల్ల చినుకులు నిలుస్తున్నయి. గదే ఇప్పటికి కలలొస్తది. ఆ చెప్పులు ఒట్టియే లేసి, తడి మెట్ల మీద నీళ్ళ దిక్కు నడుస్తుంటయి. నేను పిలుస్త, ఆగయి.

అన్న వచ్చి, "చెప్పులేవిరా?" అంటే, "గీడనే పెట్టిన అన్నా, అంగి తొడుక్కునేవరకు లేవు" అన్న. ఎతికినం ఇద్దరం. నిజంగ పోగొట్టుకున్నోని కంటె ఎక్కువ ఎతికిన నేను, ఆ బండ దిక్కు మాత్రం పోలే, అన్ననూ పోనియ్యలే. ఆఖరికి, "పోనియ్ అన్నా, పుష్కరాలల్ల చెప్పులు పోతే శని పోయినట్టే" అన్న. "గట్లనా? అయితే మంచిదే గద" అని నవ్విండు. నాయి తొడుక్కోమన్న. నాయి ఏడో నంబరు, ఆయన మడిమె బయటికుంటది. ఒద్దన్నడు. ఇగ నేను గూడ నాయి ఇప్పి సంకల పెట్టుకున్న. సూసి, "బాపు లెక్కనే ఉన్నవ్‌రా" అని పడి పడి నవ్విండు. గట్ల ఒట్టికాళ్ళతోని ఇద్దరం ఆ రెండు మైళ్ళు నడిశినం బిడ్డా. అంత సంబురం నేనెన్నడు పడలే. చినుకు ఆగుతలేదు, పెరుగుతలేదు. కొత్తగ మొరం పోసిండ్రు బాటకు, నాకు ప్రతి రాయి గుచ్చుతాంది, కుంటుకుంట నడుస్తున్న. అన్న దొర లెక్క నడుస్తున్నడు. నడుమ ఆగి ఏమన్నడో ఎరుకేనా? "తమ్మీ, నేల మెత్తగున్నదిరా. దూది పరిశినట్టున్నది. కృష్ణమ్మ పరిశిందా ఏంది? నీకెట్లున్నది?" నా అరికాళ్ళు మండుతున్నయి. "అవ్ అన్నా, మెత్తగనే ఉన్నది" అన్న. మొక్కిన నేను గా నదికి. శని ఇడిశింది, అన్న కాలు అన్నకొచ్చింది అనుకున్న. పాణం దూది లెక్కనే తేలింది నాకు. చదువైతే లేదు తియ్, గింత అక్కల్, గింత తెలివి గూడ లేకపాయె సూడు. మెత్తగ తాకుతాందంటే తాకుతలేదన్నట్టు.

మూడోనాడు వదినె అరుగు తుడుస్తాంది. ముసురుకు అరుగంత తడి. తడిల ఎర్రగ కాలిముద్ర, ఎనిమిదో నంబరు. వదినె ఏమనుకున్నది, పుష్కరాల కుంకుమ అంటుకున్నదనుకున్నది. కండ్లకద్దుకుందామని యేలుతోని తాకింది. గప్పుడు ఒర్రింది. అరికాలుల జొన్నగింజంత సీసపెంకు. మూడు దినాలు దాని మీదనే నడిశిండు, ఇంట్ల, బజార్ల. నల్లగొండ పోయినం. డాక్టరమ్మ కాలు సూసి, "చెప్పులేవి పెద్దాయినా?" అన్నది. అన్న, "కృష్ణమ్మకిచ్చిన తల్లీ" అన్నడు. ఆమె మర్లి నా దిక్కు సూసింది. నేను గోడ దిక్కు సూసిన. ముందుగాల యేలు తీసిండ్రు, మల్ల చీలమండదాక, మల్ల పట్నంల మోకాలు కిందిదాక. ఆ మంచమే నువ్వు సూసింది. మరుసటేడాది వానకాలం మొదటి వాన అన్న సూడలే.

మీ అవ్వ తిట్లు ఇన్నవ్ గద నువ్వు. వానవడ్డప్పుడల్ల, "నా పెనిమిటి చెప్పులు ఎత్కపోయినోని కాళ్ళు కట్టెలయ్యిపోను, వాని అరికాళ్ళు మొద్దుబారను" అని ఎత్తుకుంటది. పక్కన నేను కూసొని ఉంట. "అవ్ వదినె" అంట. తొమ్మిదేండ్ల సంది అంటున్న. ఏం చెయ్యాలె, చాయ తాగుకుంట అవ్ వదినె అంట. అన్న ఉన్నప్పుడు ఒకసారి, మంచంలకెల్లి, గిట్లనే చినుకు పడుతుంటే, ఆమె తిట్టుడు మొదలు పెడితే, "తిట్టకే సాలమ్మా. తీసినోనికి ఏం మనసుల ఉండెనో. మంచికే తీసిండు గావొచ్చు" అన్నడు. నా దిక్కు సూసి అన్నడా, వాన దిక్కు సూసి అన్నడా, గిప్పటిదాక నాకు సమజ్ కాలే. ఆ మాట ఆయన అనకపోతే నేనెప్పుడో చెప్పేద్దును. అన్నంక నోరు రాలే. పాపం చేసిన బిడ్డా. పానమసొంటి అన్న కాలు నేనే నది ఒడ్డున ఇడిశొచ్చిన.

ఏడ్వకు, ఏడిస్తే ఏమొస్తది. గా ఫోను ఇటు తే. గిదో, గియ్యి తీసుకో, ఎనుక పట్టీ ఉన్నది, అడుగుకు గీతలున్నయి, ముందర ఎడల్పున్నది. బాటలకు గియ్యి. చేన్ల మాత్రం ఇప్పి చేతుల పట్టుకో, మీ తాత మాట అది. నీకు తాకుతది, ఫికర్ లేదు. నా నంబరా? నాకెందుకే, నేనేడికి పోత. ఒట్టికాళ్ళకే మంచిగున్నది. మొన్నటిసంది గచ్చు గూడ గరకుగ తాకుతలేదు, మెత్తగనే ఉంటాంది. ఏమో, ముసురుకు గావొచ్చు. ఏంది, గట్ల సూస్తున్నవ్? కాలు ఎందుకు పట్టుకుంటున్నవ్, ఇడువు, పెద్దోని కాలు గట్ల ఒళ్ళె పెట్టుకోవద్దు. చున్నీకెల్లి దారం ఎందుకు తెంపుతున్నవ్, మంచి చున్నీ ఖరాబైతది. సరే తియ్, మూసుకుంట, మూసుకున్న కండ్లు. ఆఁ వదినె, లేసినవా? ఏం లేదు వదినె, పిల్లకు చెప్పులు సూస్తున్నం, వానకు. వస్తున్నం, చాయ పెడ్తది. పెట్టు బిడ్డా, అవ్వ వస్తాంది, జల్ది పెట్టు.

పెట్టినవా?